పళ్ళ బండి

ఆ ఏడు నారింజ కోత మొదలైన వారానికే మా పికప్ బండి వెనక ఇరుసులో గేరు పళ్ళు రాలిపోయాయి. చెట్ల మీద పళ్ళు విరగకాసి ఉన్నాయి, బండిలో పళ్ళు లేవు. "మన బతుకంతా పళ్ళ మీదే ఉంది చూడు" అని మా ఆయన నవ్వబోయాడు గానీ ఆ నవ్వు పెదాల దాకా రాలేదు.

తోట కొండ మీద ఉంది. ఇల్లూ, ఇంటిని ఆనుకుని గోదామూ కొండ కింద. అక్కణ్ణించి రసం ఫ్యాక్టరీకి చదునైన రోడ్డు మీద చాలా దూరం పోవాలి. ఈ రెండు దార్లకూ ఆ ఒక్క బండే దిక్కు. పొద్దున్నే వెనక ట్రాలీ తగిలించుకుని ఖాళీ డబ్బాలతో నేను కొండెక్కేదాన్ని, నిండు డబ్బాలతో దింపేదాన్ని. గోదాంలో దెబ్బతిన్న కాయ ఏరి పారేశాక అదే బండిని మా ఆయన ఫ్యాక్టరీకి తోలుకుపోయేవాడు. ఫ్యాక్టరీ గేటు మిట్టమధ్యాహ్నం మూస్తారు. మూశాక దేవుడు దిగొచ్చినా తియ్యరు. అంతకు ముందు ఏడు అలా గేటు బయట నిలబడిపోయిన లోడ్లు కొన్ని ఎండకు మెత్తబడి పశువుల పాలయ్యాయి. ఆ మంట మా ఆయన కడుపులో ఇంకా చల్లారలేదు.

బండిని తాడు కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కుపోయాం. ఆ మెకానిక్‌ను అందరూ పళ్ళ డాక్టర్ అంటారు. అరిగిన గేరు చక్రాలు అతని షెడ్డు ముందు గుట్టగా పోసి ఉంటాయి. అతను వెనక ఇరుసు డొప్ప విప్పి, నల్లటి నూనెలోంచి ఇనప ముక్కలు ఒక్కొక్కటీ ఏరి గుడ్డ మీద పెట్టాడు.

"పెద్ద చక్రం క్రౌన్ పోయింది, దాన్ని తిప్పే చిన్న పినియనూ పోయింది. అచ్చం ఇలాంటి జత ఇప్పుడు దొరకదన్నా. నా దగ్గర వేరే జతలు రెండున్నాయి. రెండూ దీంట్లో కూర్చుంటాయి. ఏది బిగించమంటారు?"

"తేడా ఏంటి?" అన్నాడు మా ఆయన.

పళ్ళ డాక్టర్ రెండు జతలూ తెచ్చి మా ముందు పెట్టాడు. "ఇది లాగుడు జత. షాఫ్టు దగ్గర దగ్గర ఐదు చుట్లు తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. ఎంత బరువున్నా ఈడ్చుకుపోద్ది. కానీ రోడ్డెక్కితే ఇంజన్ అరిచి చస్తది, బండి మాత్రం ముందుకు పోదు. ఇదేమో పరుగు జత. మూడున్నర చుట్లకే చక్రం ఒకసారి తిరుగుద్ది. రోడ్డు మీద హాయి. బరువుతో కదిలేటప్పుడు క్లచ్ కాస్త ఏడుస్తది, అంతే."

"మరి పాతది?"

"రెండిటికీ మధ్యది."

"నీ బండైతే ఏది వేసుకుంటావు?" అన్నాను.

"నాదైతే రెండు బండ్లు కొనుక్కుంటానక్కా" అని నవ్వాడు. "కొండ మీది, రోడ్డు మీది. నేను బోల్టులు బిగించేవాణ్ణి. తర్వాత నన్ను తిట్టకుండా ఉంటే చాలు."

మా ఆయన పరుగు జతను చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. ఆయన లెక్క సూటిగా ఉంది. కొండెక్కేటప్పుడు మోసేది ఖాళీ డబ్బాలు. వాటికి లాగుడు ఎందుకు? బరువున్నది దిగేటప్పుడు. దిగడానికి ఇంజన్‌తో పనేముంది? బరువుతో దూరం పోవాల్సింది చదును రోడ్డు మీద, గేటు మూసేలోగా.

"ఏమంటావు?" అని నా వంక చూశాడు.

నాకూ అదే సబబనిపించింది. "అదే వేయించండి" అన్నాను.

బిగించిన సాయంత్రం ట్రాలీ లేకుండా ఇద్దరం రోడ్డు మీదికి తీసుకెళ్ళాం. టాప్ గేరులో పడ్డాక ఇంజన్ చప్పుడు తగ్గి, పక్కనున్న మనిషి మామూలు గొంతుతో మాట్లాడితే వినిపించింది. ఇన్నేళ్ళలో ఆ బండిలో మేం అరుచుకోకుండా మాట్లాడుకున్నది అదే మొదటిసారి. ఆయన అద్దం దించి మోచెయ్యి బయట పెట్టాడు. "పదింటికల్లా గేటు ముందుంటాం చూడు" అన్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి చాలా కాలమైంది. దాన్ని చూస్తూ నేను కొండ సంగతే మర్చిపోయాను.

మర్నాడు పొద్దున నిండు డబ్బాలతో మొదటి మలుపు తిరగ్గానే కొండ గుర్తొచ్చింది.

నాకు ఆ కొండ దారి నేర్పింది మామయ్య. చూపు పోయేదాకా ఆయనే దింపేవారు. ఆయన నేర్పిన పద్ధతి ఒక్కటే. పైనే బండి ఆపి సెకండ్ గేరు వేసుకో, కాళ్ళు పెడళ్ళ మీంచి తీసి దగ్గర పెట్టుకో, ఇంజన్ చేత బండిని పట్టించు, బ్రేకును మలుపులకే దాచుకో. పాత జతతో అలా వేస్తే బండి సాయంత్రం ఇంటికి మళ్ళిన గేదెలా దాని నడక అది నడిచేది. ఇప్పుడు అదే సెకండ్‌లో తాడు తెంచుకున్న దున్నలా ముందుకు ఉరుకుతోంది. వెనక ట్రాలీ నెడుతోంది. బ్రేకు తొక్కుతూనే ఉండాలి. తొక్కగా తొక్కగా పెడల్ మెత్తబడుతుంది. పోనీ పైనుంచే ఫస్ట్ వేసుకుని దిగుదామంటే బండి చీమలా పాకుతుంది, ఇంజన్ గొంతు చించుకుంటుంది. ఫస్ట్ చాలా నెమ్మది, సెకండ్ చాలా జోరు. నాకు కావలసింది వాటి మధ్య ఎక్కడో ఉంది. అక్కడ గేరు లేదు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, నేను అక్కడ కూర్చుని దిగాను.

గోదాం ముందు బండి ఆపగానే కుర్చీలో ఉన్న మామయ్య తల పైకెత్తి వాసన పట్టారు. "బ్రేకు లైనర్లు కాలుతున్నాయమ్మా."

"అవును మామయ్యా."

"సెకండ్ ఆపట్లేదా?"

"ఆపట్లేదు."

ఆయన కొడుకు డబ్బాలు మోస్తున్న అలికిడి వైపు మొహం తిప్పారు.

మా ఆయనకు ఆ రోజే చెప్పాను. "దిగేటప్పుడు బండి పట్టు చిక్కట్లేదండీ."

"కొత్త జత కదా. అలవాటు పడాలి."

"అలవాటు కాదు. బ్రేకు మీదే దిగుతున్నాను."

"లైనర్లు మార్పిద్దాం" అన్నాడు. మార్పించాడు కూడా. కొత్త లైనర్లు కొన్నాళ్ళు బాగానే పట్టాయి, తర్వాత అవీ కమురు వాసన కొట్టాయి. మరోపక్క ఆయన చెప్పినట్టే బండి రోజూ గేటు ముందు అందరికన్నా ముందుండేది. ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని పేరు పెట్టి పలకరించడం మొదలుపెట్టారు. అన్నం తింటూ ఆ కబుర్లు చెప్పేవాడు. నేను ముద్ద కలుపుతూ కుడికాలి పిక్కను ఎడమకాలి వేళ్ళతో నొక్కుకునేదాన్ని. నిద్రలో కూడా ఆ కాలు బ్రేకు తొక్కేది. "తంతున్నావేంటే" అని ఆయన అటు జరిగి పడుకునేవాడు.

ఒకరోజు పొద్దున చినుకులు పడ్డాయి. ఎక్కువేం కాదు, రోడ్డు మీద దుమ్ము జారుడు పట్టేంత. పైన కోతవాళ్ళు డబ్బాలు ఎక్కించి తాళ్ళు బిగించారు. నేను సీట్లో కూర్చుని సెకండ్‌లోకి తోసిన గేరు రాడ్డును మళ్ళీ వెనక్కి తీసి ఫస్ట్‌లో వేశాను. ఎందుకంటే చెప్పలేను. చెయ్యి అటు పోయిందంతే. కొండ దారంతా ఫస్ట్‌లోనే దిగాను. ఒక కోత మనిషి సైకిల్ మీద నన్ను దాటుకుపోతూ, "అక్కా, నెట్టమంటావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కానీ చాలా రోజుల తర్వాత కాలు నొప్పి లేకుండా దిగాను.

ఆ రోజు గేటు మూసేశారు.

మా ఆయన లోడుతో వెనక్కి వచ్చాడు. డబ్బాలు ఒక్కొక్కటీ దింపాడు. మర్నాటి కోత వచ్చి పడితే పెట్టడానికి గోదాంలో చోటు లేదు. చివరి డబ్బా నేల మీద కాస్త గట్టిగానే పెట్టాడు.

"ఫస్ట్‌లో దిగావట. సైకిలోడు కూడా దాటేశాడట. ఊరంతా చెప్పుకుంటున్నారు."

"వాన పడిందండీ."

"అది వానా? నడిచి దిగినా అంతకంటే ముందొస్తారు."

"అయితే నడిచే దింపుదాం. ఆ సెకండ్‌లో నేను దింపలేను."

"ఇన్నాళ్ళూ దింపావుగా?"

"ఎలా దింపానో మీకు తెలీదు."

"తెలుసుకుంటాను" అన్నాడు ఆయన. చెయ్యి చాపాడు. "తాళాలివ్వు. రేపు నేనే దింపి చూపిస్తా."

ఆయనకు బండి రాక కాదు. నాకన్నా బాగా వచ్చు. కానీ ఆయనది చదును రోడ్డు చెయ్యి. కొండ మీద నిండు ట్రాలీతో దింపి ఎన్నో ఏళ్ళయింది. తాళాలు నా కొంగు ముడిలో ఉన్నాయి. విప్పి ఆయన చేతిలో పెట్టాను. మామయ్య కుర్చీలోంచి, "ఒరే, తొందర పడకు" అన్నారు. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు పొద్దున నేను గోదాం వాకిట్లో గోనెపట్టా పరిచి, ముందు రోజు కాయ ఏరడానికి కూర్చున్నాను. పక్కన కుర్చీలో మామయ్య. బండి కొండెక్కిన చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. పైన ఎక్కిస్తూ ఉంటారు. నా చేతులు కాయల మీద ఉన్నాయి గానీ, మెత్తటిదేదో గట్టిదేదో వేళ్ళకు తెలియట్లేదు.

కొండ మీద ఇంజన్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ దారి గోడ కట్టినట్టు మా నెత్తినే ఉంటుంది. పైన ఏం కదిలినా కిందికి వినబడుతుంది.

"సెకండ్ వేశాడు" అన్నారు మామయ్య.

"ఊఁ."

మొదటి మలుపు దాటాడు. ఇంజన్ గొంతు పెరిగింది, బ్రేకు కీచుమంది, గొంతు తగ్గింది. మళ్ళీ పెరిగింది.

"నీ చేతిలో ఉంటే ఇలా ఎగిరెగిరి పడదు" అన్నారాయన.

 రెండో మలుపు దగ్గర బ్రేకు ఎక్కువసేపు కీచుమంది. తర్వాత కీచుమనడం ఆగింది గానీ ఇంజన్ గొంతు తగ్గలేదు. తొక్కుతున్నాడు, పట్టట్లేదు. నాకు తెలిసిపోయింది. పెడల్ ఎంత మెత్తగా కిందికి పోతోందో నా కాలికి తెలిసింది. నా కుడికాలు పట్టా మీద ముందుకు చాచుకుపోయింది.

"ఫస్ట్‌కి దించుతాడేమో" అన్నారు మామయ్య.  "దించకూడదు. ఆ జోరులో పడదు. ఒరే, దించకురా."

చెవిలో చెప్పినట్టే చెప్పారు. వినేవాడు కొండ మీదున్నాడు.

ఇంజన్ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. ఆగిపోలేదు, పడిపోయింది. ఇంటి ముందు నిలబెట్టిన బండిలా మెల్లగా కొట్టుకుంటోంది. అంటే బండి ఏ గేరులోనూ లేదు. సెకండ్ వదిలేసింది, ఫస్ట్ పడలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకున్నది ఏదీ లేదు. గేరు పళ్ళు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్న కరకర ఒకసారి వినిపించింది. ఇంకోసారి వినిపించింది. తర్వాత హారన్. హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

మామయ్య గాలిలో చెయ్యి చాచి నా భుజం వెతుక్కుని గట్టిగా పట్టుకున్నారు.

ఇనుము రాతికి రాసుకున్న చప్పుడు వచ్చింది. కొండంతా గీసుకుపోతున్నట్టు సాగదీసి వచ్చింది. ఆ వెనకే డబ్బాలు పగిలిన చప్పుడు. హారన్ ఆగిపోయింది.

ఎప్పుడు లేచానో తెలీదు. చెప్పుల్లేకుండా పరిగెత్తుతున్నాను. మొదటి ఎత్తు ఎక్కుతుండగా మలుపు అవతల్నుంచి ఒక నారింజ పండు దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత పదులు, వందలు. రోడ్డు వెడల్పునా కిందికి దొర్లుతూ నా పాదాలకు తగిలి పక్కకు పోతున్నాయి. మనిషి రావలసిన చోట పళ్ళు వస్తున్నాయి. వాటిని తొక్కుకుంటూ, జారుతూ, మోకాలి మీద పడి లేచి మలుపు తిరిగాను.

బండి కొండ వైపు గట్టుకు ఆనుకుని ఆగి ఉంది. ఆయన కావాలనే గట్టుకు రాసి ఆపాడు. లోయ వైపు పోనివ్వలేదు. ట్రాలీ పక్కకు ఒరిగిపోయింది. ఒక వైపు తలుపు రేకు ఒలిచేసినట్టు లేచిపోయింది. ఆయన ఇవతల వైపు తలుపు తీసుకుని దిగి, చక్రం దగ్గర రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద కొద్దిగా రక్తం. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.  వాటిని ఎవరివో చేతుల్లా చూస్తున్నాడు.

నేను ఆయన ముందు కూలబడి తల, మెడ, భుజాలు తడిమాను. ఎక్కడా ఏమీ విరగలేదు.

"ఫస్ట్ పడలేదు" అన్నాడు.

"పడదు."

"సెకండ్‌లోకి మళ్ళీ వేద్దామన్నా పడలేదు."

"తెలుసు. విన్నాం."

ఆయన తలెత్తి నన్ను చూశాడు.  అప్పటికి పై నుంచి కోతవాళ్ళు అరుచుకుంటూ పరిగెత్తుకొస్తున్నారు.

"రోజూ ఇలాగే దిగుతున్నావా?" అన్నాడు.

"ఊఁ" అన్నాను.

  నా చీర చెంగుతో ఆయన నుదురు తుడిచాను. ఆయన నా మోకాలి మీద రేగిన చర్మం చూసి, దానికి అంటిన మట్టి దులిపాడు.

బండి మళ్ళీ పళ్ళ డాక్టర్ షెడ్డుకు వెళ్ళింది. ఈసారి లాగుడు జత బిగించుకుని వచ్చింది. మొదటి రోజు దింపేటప్పుడు మా ఆయన నా పక్కన కూర్చున్నాడు. ఎడమ చేత్తో తలుపు పైనున్న పిడి, కుడి చేత్తో సీటు అంచు పట్టుకున్నాడు. నేను సెకండ్ వేసి వాలు మీదికి వదిలాను. ఇంజన్ గర్జించి బండిని వెనక్కి పట్టుకుంది. నేను రెండు కాళ్ళూ వెనక్కి లాక్కుని నేల మీద ఆనించాను.

"కాలు తీసేశావేంటి?" అని కంగారుగా వంగి చూశాడు.

"అదే పట్టుకుందిగా. చూడండి."

బండి దాని నడక అది నడుస్తోంది. ఆయన నా కాళ్ళను చూస్తూనే ఉన్నాడు. రెండో మలుపు దాటాక సీటు అంచు వదిలాడు. తలుపు పైనున్న పిడి మాత్రం కింది దాకా వదల్లేదు.

రోడ్డు మీద మాత్రం పళ్ళ డాక్టర్ చెప్పినంతా జరిగింది. ఇంజన్ గోలకు సాయంత్రం దాకా చెవుల్లో హోరు తగ్గట్లేదని మా ఆయన అనేవాడు. ట్రాక్టర్లు తప్ప అన్నీ ఆయన్ని దాటుకుపోయేవి. డీజిలు ఎక్కువ తాగేది. గేటు అందుకోవాలంటే ముందు రోజు సాయంత్రమే కోసి, తడి గోనెలు కప్పి, తెల్లారగానే దింపాలి. కోతవాళ్ళు సణిగారు, తర్వాత సర్దుకున్నారు. అంత చేసినా ఒకటి రెండు రోజులు గేటు తప్పింది. అలాంటి రోజు ఆయన లోడుతో వెనక్కి వచ్చి డబ్బాలు మెల్లగానే దింపేవాడు. ఫ్యాక్టరీవాళ్ళు పేరు పెట్టి పిలవడం మానేశారో లేదో నాకు తెలీదు. ఆ కబుర్లు ఆయన చెప్పలేదు.

కానీ ఆ తర్వాత ఆయన స్టీరింగు పట్టి కొండ దిగలేదు. పైన ఏదైనా పనుంటే నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాడు. ట్రాలీ తాళ్ళు తనే బిగించి, నాలుగు వైపులా తిరిగి చూసి, "వెళ్ళిరా" అనేవాడు. నేను కనుమరుగయ్యే దాకా అక్కడే నిలబడేవాడు. అద్దంలో కనిపించేవాడు. ఇంట్లో ఎవరమూ భయం అనే మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా అది మా మధ్య కూర్చుని మాతోపాటే అన్నం తినేది.

చివరి కోత రోజు చెట్లు దాదాపు ఖాళీ అయ్యాయి. ట్రాలీ సగమే నిండింది. ఆయన తాళ్ళు బిగించి చేతులు దులుపుకుంటుంటే నేను అవతల వైపు తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చున్నాను.

"అటు కూర్చున్నావేంటి?"

"ఈ రోజు మీరు దింపండి. నా మోకాలు పట్టేసింది."

నా మోకాలికి ఏమీ కాలేదని ఆయనకు తెలుసు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలు తన్ని చూశాడు. అప్పటికే బిగించిన తాడు మళ్ళీ బిగించాడు. ఆఖరికి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"సెకండేగా?" అన్నాడు.

"సెకండే."

వాలు మీదికి వెళ్ళాం. ఆయన కాలు బ్రేకు మీద ఆనుతూ, లేస్తూ, మళ్ళీ ఆనుతూ ఉంది. నేను చూస్తున్నానని తెలిస్తే ఇబ్బంది పడతాడని అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. గట్టు మీద బండి గీసిన చార ఇంకా తెల్లగా కనబడుతోంది. దాన్ని దాటేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టడం వినిపించింది. నేను తల తిప్పలేదు. ఆ తర్వాత ఎక్కడో ఆయన కాలు బ్రేకు మీంచి లేచింది. లేచి మళ్ళీ ఆనలేదు. ఇంజన్ ఒకే గొంతుతో, ఎగరకుండా, పడకుండా మమ్మల్ని కింది దాకా మోసుకొచ్చింది.

గోదాం ముందు ఆపి తాళం తిప్పాడు. మామయ్య కుర్చీలో మా వైపు మొహం పెట్టి నవ్వుతున్నారు.

"బాగా దించావమ్మా" అన్నారు. "వెన్నలా దించావు."

మా ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. నా వంక చూశాడు. నేను నోరు తెరవబోతే వద్దని తల ఊపాడు. తర్వాత తల వంచుకుని, చాలాసేపు, చప్పుడు చెయ్యకుండా నవ్వుకున్నాడు.